కత్తికి ముందు మాత్ర



డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారి స్మృత్యర్థం జరిగే సభల్లో మామూలుగా ఆయన జీవితకథ చెబుతారు. 1895లో భీమవరంలో పుట్టడం, మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు కట్టినందుకు ఎం.బి.బి.ఎస్.కి బదులు ఎల్.ఎం.ఎస్.తో సరిపెట్టుకోవలసి రావడం, బోస్టన్ ప్రయాణం, హార్వర్డ్ ఆయన్ని శాశ్వతంగా తీసుకోకపోవడం, 1940లో లెడర్లీ కంపెనీలో చేరడం, 53 ఏళ్లకే పోవడం... ఇవన్నీ మీకు తెలిసినవే. నేను పాథాలజిస్టును. మనుషుల జీవితాలకంటే వాళ్ల ఒంట్లోంచి తీసిన ముక్కలతో నాకు పరిచయం ఎక్కువ. కాబట్టి ఆయన జీవితాన్ని ఆయన జీవితచరిత్రకారులకు వదిలేసి, ఆయన చేసిన పని ఈరోజు ఎక్కడిదాకా వచ్చిందో ఒక ఉదాహరణతో చెబుతాను.

2025 జూన్‌లో షికాగోలో అమెరికన్ సొసైటీ ఆఫ్ క్లినికల్ ఆంకాలజీ సమావేశంలో నియోఅడారా అనే ట్రయల్ ఫలితాలు వెలువడ్డాయి. ఊపిరితిత్తుల క్యాన్సర్ వచ్చి, ఇంకా ఆపరేషన్‌కు వీలున్న దశలో ఉన్న 358 మంది మీద జరిగిన పరీక్ష అది. ఆపరేషన్‌కు ముందే మందు ఇస్తే ఏమవుతుంది అన్నది ప్రశ్న. వాడిన మందుల్లో ఒకటి సిరలోకి ఎక్కించే పెమెట్రెక్సెడ్, మరొకటి రోజూ మింగే ఒసిమెర్టినిబ్ మాత్ర. ఈ రెండింటి మూలాలు వెతుక్కుంటూ పోతే రెండు దారులూ సుబ్బారావు గారి బల్ల దగ్గరికే చేరతాయి.

మొదటిది తేలిక. ఫోలిక్ ఆమ్లాన్ని లెడర్లీలో ఆయన బృందం తయారుచేసింది. దానికి వ్యతిరేకంగా పనిచేసే అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్‌కు పంపింది కూడా వాళ్లే. పెమెట్రెక్సెడ్‌ది అదే వంశం. ఫోలేట్ దొరక్కుండా చేసి కణాన్ని మాడ్చే మందు. దాన్ని ఇచ్చే రోగికి వారం ముందునుంచే ఫోలిక్ ఆమ్లం మాత్రలు కూడా ఇస్తారు, మామూలు కణాలు దెబ్బతినకుండా. అంటే విరుగుడూ ఆ ప్రయోగశాలదే, విషం వంశమూ ఆ ప్రయోగశాలదే.

రెండోది కొంచెం లోపలికి వెళ్తే గాని కనిపించదు. 1929లో సైరస్ ఫిస్కేతో కలిసి సుబ్బారావు గారు కండరంలోంచి కణానికి శక్తినిచ్చే ఏటీపీని వేరుచేశారు. అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా విడిగా అదే పని చేశాడు. అంతకు నాలుగేళ్ల ముందే ఫాస్ఫరస్‌ను రంగు చూసి కొలిచే పద్ధతిని ఫిస్కే, సుబ్బారావు ప్రచురించారు. ఆ పద్ధతి లేకపోతే ఫాస్ఫేటు ఎటునుంచి ఎటు పోతోందో కనిపెట్టడం కుదిరేది కాదు. ఇప్పుడు ఊపిరితిత్తి కణం పైపొరలో ఈజీఎఫ్ఆర్ అనే ఒక ప్రోటీన్ ఉంటుంది. బయట నుంచి పెరుగుదల సంకేతం తగిలినప్పుడు దాని లోపలి భాగం ఏటీపీ నుంచి ఒక ఫాస్ఫేటును తీసి తనకే తగిలించుకుంటుంది. దాంతో కణం విభజన మొదలుపెడుతుంది. పని అయ్యాక ఆగుతుంది. జన్యువులో ఒక తప్పు దొర్లితే బయట సంకేతం ఉన్నా లేకపోయినా ఈ తతంగం నడుస్తూనే ఉంటుంది. ఒసిమెర్టినిబ్ చేసేదల్లా ఏటీపీ వచ్చి కూర్చోవలసిన చోట తాను కూర్చుని, 797వ స్థానంలో ఉన్న సిస్టీన్‌ను పట్టుకుని ఇక వదలకపోవడం. ఏటీపీ అంటే ఏమిటో తెలియని లోకంలో ఈ మాత్రను ఊహించడానికి కూడా వీలుండదు.

ఇంకో కారణం కూడా ఉంది ఆయన్ని తలుచుకోవడానికి. 1948 జూన్‌లో ఫార్బర్ ప్రచురించిన వ్యాసంలో, అమినోప్టెరిన్ తీసుకున్న 16 మంది ల్యుకేమియా పిల్లల్లో 10 మందికి జబ్బు తగ్గుముఖం పట్టిందని ఉంది. అప్పటిదాకా ఆ జబ్బును ఏ మందూ కదిలించలేదు. అయినా ఆ తగ్గుదల తాత్కాలికమని వ్యాసం శీర్షికలోనే ఒప్పుకున్నారు. ఆ నిజాయితీ నాకు ఈ ఉపన్యాసం పొడుగునా కావాలి. ఎందుకంటే నేను చెప్పబోయేది కూడా గడ్డ తగ్గడానికీ జబ్బు నయం కావడానికీ మధ్య ఉన్న దూరం గురించే.

ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు ఆపరేషన్ చరిత్ర పెద్దదేమీ కాదు. 1933 ఏప్రిల్‌లో అమెరికాలో సెయింట్ లూయిస్ నగరంలో ఎవార్ట్స్ గ్రాహమ్ అనే సర్జన్ ఒక రోగికి ఒక పక్క ఊపిరితిత్తిని మొత్తంగా తీసేశాడు. ఆ రోగి కూడా డాక్టరే, కాన్పులు చేసే డాక్టరు. ఆయన ఆ తర్వాత మూడు దశాబ్దాలు బతికాడు. గ్రాహమ్ మాత్రం 1957లో ఊపిరితిత్తుల క్యాన్సర్‌తోనే పోయాడు. సిగరెట్టుకూ ఈ క్యాన్సర్‌కూ సంబంధం ఉందని 1950లో వైండర్‌తో కలిసి చూపించినవాడు ఆయనే. చూపించాక మానేశాడు గాని, ఆలస్యమైపోయింది.

ఆపరేషన్‌తో బాగుపడినవాళ్ల కథలు ఇలా గుర్తుండిపోతాయి. తిరగబెట్టినవాళ్ల లెక్క వేరు. రెండు, మూడు దశల్లో గడ్డను శుభ్రంగా తీసేసినా చాలామందిలో జబ్బు మళ్లీ వస్తుంది, అదీ మెదడులోనో ఎముకలోనో కాలేయంలోనో. అంటే కత్తి పెట్టే నాటికే కొన్ని కణాలు ఊరు దాటి వెళ్లిపోయాయన్న మాట. సర్జన్ చేతిలో లోపం లేదు. ఆ కణాల కోసం ఆపరేషన్ తర్వాత కీమో ఇవ్వడం మొదలైంది. అయిదు ట్రయళ్లను కలిపి 2008లో లెక్క వేస్తే, కీమో వల్ల అయిదేళ్లు బతికేవారు నూటికి 5 మంది పెరిగారని తేలింది. ముందుగా ఇచ్చినా లాభం ఇంచుమించు అంతేనని 2014లో మరో లెక్క చెప్పింది. నూటికి అయిదుగురు. ఆ అయిదుగురి కోసం నూరుమందీ వాంతులు పడాలి. అయినా ఇచ్చారు, ఇవ్వడం సబబే, వేరే దారి లేదు కాబట్టి.

మాత్రల కథ వేరే దారిలో నడిచింది. ఈజీఎఫ్ఆర్‌ను అడ్డుకునే గెఫిటినిబ్ మాత్ర 2002లో జపాన్‌లో, 2003లో అమెరికాలో అనుమతి పొందింది. ఎవరికి పనిచేస్తుందో ఎవరికీ తెలియకుండానే అందరికీ ఇచ్చారు. ఎక్కువమందిలో ఏమీ కాలేదు. కొద్దిమందిలో మాత్రం గడ్డలు వారాల్లో కరిగిపోయాయి. ఆ కొద్దిమందిలో పొగ అలవాటు లేనివాళ్లు, ఆడవాళ్లు, తూర్పు ఆసియావాళ్లు, అడినోకార్సినోమా అనే రకం క్యాన్సర్ ఉన్నవాళ్లు ఎక్కువ. 2004లో బోస్టన్‌లో రెండు బృందాలు, న్యూయార్క్‌లో ఒక బృందం దాదాపు ఒకేసారి కారణం పట్టుకున్నాయి: ఆ రోగుల గడ్డల్లో ఈజీఎఫ్ఆర్ జన్యువులో మార్పు ఉంది. 19వ ఎక్సాన్‌లో ఒక చిన్న భాగం ఊడిపోవడం, లేదా 21వ ఎక్సాన్‌లో ఒకే ఒక అక్షరం మారడం. ఈ రెండూ కలిపితేనే అత్యధిక కేసులు వచ్చేస్తాయి.

ఇక్కడ 2009 నాటి ఐపాస్ ట్రయల్‌ను దాటి వెళ్లలేను. తూర్పు ఆసియా రోగుల్లో గెఫిటినిబ్‌ను కీమోతో పోల్చారు. జన్యుమార్పు ఉన్నవాళ్లలో మాత్ర వల్ల జబ్బు ముదిరే ప్రమాదం సగానికి తగ్గింది. మార్పు లేనివాళ్లలో అదే మాత్ర వల్ల ప్రమాదం రెండున్నర రెట్లు దాటింది. ఒకే మందు, ఒకే జబ్బు పేరు. పరీక్ష చేయకుండా చీటీ రాసిన వైద్యుడు ఒకరికి మేలు, పక్కవాడికి కీడు చేస్తాడు. ఈ రంగంలో పనిచేసేవాళ్లు మరేది మరచినా ఈ ఒక్క ట్రయల్‌ను మరవకూడదని నా పట్టుదల.

అయితే అప్పటిదాకా ఈ మాత్రలను మామూలుగా వాడింది నాలుగో దశ రోగులకే. తొలిదశ వైద్యంలో వాటికి చోటు కల్పించింది అడారా ట్రయల్. ఆపరేషన్ అయిపోయిన 682 మందికి మూడేళ్లపాటు ఒసిమెర్టినిబ్ గాని, ఉత్తుత్తి మాత్ర గాని ఇచ్చారు. 2020లో ఫలితం వచ్చినప్పుడు, రెండు, మూడు దశల వాళ్లలో రెండేళ్ల నాటికి జబ్బు తిరగబెట్టకుండా ఉన్నవాళ్లు మాత్ర తీసుకున్నవారిలో 90 శాతం, తీసుకోనివారిలో 44 శాతం. 2023లో అయిదేళ్ల లెక్క వచ్చింది: బతికున్నవారు 85 శాతం, 73 శాతం. కీమో ఇచ్చిన నూటికి అయిదు పక్కన పెట్టి చూడండి. పైగా ఈ రోగుల్లో చాలామంది అంతకుముందే కీమో కూడా తీసుకున్నవాళ్లు.

ఆపరేషన్ తర్వాత ఇస్తే ఇంత లాభం వచ్చినప్పుడు ముందే ఇస్తే? ఈ ప్రశ్న అడిగినవాళ్లకు మూడు ఆశలున్నాయి. ఊరు దాటిన కణాలను రెండు నెలలు ముందుగానే పట్టుకోవచ్చు. ఛాతీ మధ్యలోని లింఫ్ గ్రంథులకు పాకిన జబ్బును వెనక్కి తీసుకురావచ్చు. మూడోది నా వంటి వాళ్లకు ఇష్టమైనది: ఆపరేషన్ తర్వాత మందు ఇస్తే అది పనిచేస్తోందో లేదో చూడటానికి ఒంట్లో గడ్డ మిగలదు, జబ్బు తిరగబెట్టేదాకా కళ్లు మూసుకుని నడవాలి. ముందే ఇస్తే, మందు సంగతి ఆపరేషన్‌లో తీసిన ముక్కే చెబుతుంది.

భయం కూడా అంత బలమైనదే. తీసేయడానికి వీలున్న గడ్డను తీయకుండా తొమ్మిది వారాలు ఆగాలి. ఈలోగా మందు పనిచేయకపోతే? "గడ్డ ఉందని చెప్పారు, తీసేయొచ్చని చెప్పారు, ఇంకా మాత్రలేమిటి డాక్టరుగారూ, రేపే కోసి తీసి పారేయండి" అని ఏ ఇంటివాళ్లయినా అంటారు. అందులో తప్పు లేదు. నా తమ్ముడికే వస్తే నేనూ అదే అంటానేమో. విచిత్రం ఏమిటంటే, వీళ్లే నెల కిందట "కత్తి తగిలితే పాకుతుందట కదండీ" అని ముక్క పరీక్షకు వెనకాడినవాళ్లు.

ఇప్పుడు నా బల్ల దగ్గరికి రండి. మందు తీసుకున్నాక తీసిన ఊపిరితిత్తి భాగం ఫార్మలిన్‌లో మునిగి మాకు వస్తుంది. ముందుగా గడ్డ ఎక్కడ ఉండిందో ఆ మేరను గుర్తించాలి. ఇప్పుడున్న గడ్డ కాదు, మందుకు ముందు అది ఆక్రమించిన స్థలం. ఇది చెప్పినంత సులువు కాదు. స్కానింగ్ ఫిల్ము పక్కన పెట్టుకుని, కోసిన ముఖం మీద బూడిద తెలుపు గట్టిదనాన్ని వేళ్లతో తడిమి చూడాలి. చిన్న గడ్డయితే మొత్తం, పెద్దదైతే సెంటీమీటరుకు కనీసం ఒక ముక్క చొప్పున, మైనంలో పోసి స్లైడ్లు చేస్తాం. ఒక్కో స్లైడులో మూడు రకాలు లెక్క కట్టాలి: ఇంకా బతికున్న క్యాన్సర్ కణాలెంత, కుళ్లి చచ్చిన భాగమెంత, మచ్చకట్టిన పీచు, దానిలో చేరిన తెల్లకణాలు ఎంత. మూడూ కలిసి నూరు కావాలి. బతికున్నవి 10 శాతమో అంతకన్నా తక్కువో ఉంటే దాన్ని ప్రధాన స్పందన అంటారు. గడ్డలో గాని లింఫ్ గ్రంథుల్లో గాని ఒక్క కణమూ లేకపోతే సంపూర్ణ స్పందన.

మనలో మాట: ఈ శాతాలను యంత్రమేదీ కొలవదు. కళ్లతో చూసి వేసే అంచనా. నేను 9 అన్నచోట పక్కగది సహోద్యోగి 12 అనవచ్చు. అప్పుడు ఆ రోగి నా లెక్కలో గెలుపు, ఆయన లెక్కలో ఓటమి. అందుకే పెద్ద ట్రయళ్లలో స్లైడ్లన్నీ ఒక కేంద్ర బృందం, ఎవరికి ఏ మందు ఇచ్చారో తెలియకుండా చూస్తుంది.

ఆపరేషన్‌కు ముందు మాత్ర ఇచ్చి చూసిన తొలి పెద్ద ప్రయత్నం చైనాలో జరిగింది. వూ యీలాంగ్ బృందం ఈజీఎఫ్ఆర్ మార్పు ఉన్న 72 మందిని తీసుకుని సగం మందికి ఆపరేషన్‌కు ముందు 42 రోజులు గెఫిటినిబ్ లాంటిదే అయిన ఎర్లోటినిబ్ మాత్ర, తక్కినవారికి కీమో ఇచ్చింది. 2019లో ఫలితం ప్రచురించారు. స్కానింగ్‌లో గడ్డ తగ్గింది మాత్ర వైపు 54 శాతం మందిలో, కీమో వైపు 34 శాతంలో. పాథాలజిస్టు బల్ల మీదికి వచ్చేసరికి ప్రధాన స్పందన మాత్ర వైపు కేవలం 9.7 శాతం, కీమో వైపు సున్నా. సంపూర్ణ స్పందన ఒక్కరిలో కూడా లేదు. జబ్బు ముదరకుండా గడిచిన కాలం మాత్ర వైపు 21.5 నెలలు, కీమో వైపు 11.4. కాని చివరికి ఎంతకాలం బతికారన్న లెక్కలో నమ్మదగ్గ తేడా కనిపించలేదు. తర్వాత కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్‌ఫ్రాన్సిస్కో వైద్యులు 27 మందికి ఒసిమెర్టినిబ్ ఇచ్చి చూశారు. ప్రధాన స్పందన 15 శాతం దగ్గర ఆగింది. తాము పెట్టుకున్న గురిని అందుకోలేదని వాళ్లే రాశారు.

స్కానింగ్‌లో అంత తగ్గి స్లైడులో ఇంత మిగలడం ఎందుకు? నా అనుభవంలో ఈ మాత్రలు వాడాక వచ్చే ముక్కల తీరు చెబుతాను. గడ్డ కుంచించుకుపోయి ఉంటుంది. మచ్చకట్టిన పీచు విరివిగా ఉంటుంది. ఆ పీచు మధ్యన అక్కడొకటి ఇక్కడొకటి చిన్న గ్రంథుల్లా కణాలు ఉంటాయి. చూడటానికి శాంతంగా, విభజన లేకుండా, కాని బతికే. మాగాణిలో తుంగ సంగతి రైతుబిడ్డలందరికీ తెలుసు. పైన ఆకు మాడిపోతుంది, గడ్డ నేలలో ఉంటుంది, తడి తగిలితే మళ్లీ లేస్తుంది. ఇవీ అంతే. 2010లో బోస్టన్‌లో మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రి శాస్త్రవేత్తలు ప్రయోగశాలలో దీన్ని చూపించారు. ఈజీఎఫ్ఆర్ మార్పు ఉన్న కణాలను చంపడానికి కావలసినదానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ మందు పోసినా వెయ్యికి మూడు చొప్పున మిగిలాయి. వాటిలో కొత్త జన్యుమార్పేదీ లేదు. మందు తీసేసి పెంచితే తిరిగి మందుకు లొంగే కణాలుగానే పెరిగాయి. అంటే అవి మందును ఎదిరించలేదు, మందు ఉన్నన్నాళ్లు ఊపిరి బిగబట్టి కూర్చున్నాయి.

ఇది తెలిశాక అడారా లెక్కను మళ్లీ చదవాలి. రెండేళ్ల దగ్గర 90 ఉన్నది నాలుగేళ్ల దగ్గర 70కి వచ్చింది. మాత్రలు ఆపింది మూడో ఏట. ఇది మందును తక్కువ చేసే మాట కాదు. మాత్ర తీసుకోనివాళ్లు అదే నాలుగేళ్లకు 29 శాతం మాత్రమే. కాని మాత్ర ఆపితే లేచే కణాలు కొందరిలో ఉన్నాయని ఆ లెక్క చెబుతోంది.

ఈ నేపథ్యంలో నియోఅడారా. రెండో దశ నుంచి మూడో దశ బి దాకా, ఈజీఎఫ్ఆర్ మార్పు ఖాయమైనవాళ్లే. మూడు గుంపులు: ఒసిమెర్టినిబ్‌తో పాటు కీమో, ఒసిమెర్టినిబ్ ఒక్కటే, కీమో ఒక్కటే. కీమో మూడు విడతలు, మాత్ర కనీసం తొమ్మిది వారాలు. తర్వాత ఆపరేషన్. ఆ తర్వాత అందరికీ మూడేళ్లు ఒసిమెర్టినిబ్ తీసుకునే వీలు కల్పించారు. ప్రధాన స్పందన వరసగా 26, 25, 2 శాతం. సంపూర్ణ స్పందన 4, 9, సున్నా. ఛాతీ నడిమి లింఫ్ గ్రంథులకు పాకిన జబ్బు వెనక్కి తగ్గింది మాత్ర ఉన్న రెండు గుంపుల్లోనూ 53 శాతం మందిలో, కీమో ఒక్కటే ఉన్న గుంపులో 21 శాతంలో.

ఈ అంకెల్లో అందరూ 26ను, 2ను పక్కపక్కన పెట్టి చూపుతారు. నా కన్ను 26, 25 మీద ఆగింది. మాత్రకు కీమోను కలిపినందువల్ల స్లైడులో అదనంగా వచ్చింది దాదాపు ఏమీ లేదు. తీవ్రమైన దుష్ఫలితాలు మాత్రం కలిపినప్పుడు 36 శాతం, మాత్ర ఒక్కటే ఉన్నప్పుడు 13 శాతం. మాత్ర ఒక్కటే తీసుకున్నవాళ్లలో 97 శాతం మంది ఆపరేషన్ బల్ల దాకా చేరారు. తీసేయదగ్గ గడ్డను ఆగి చెడగొట్టుకుంటామన్న భయం ఉంది చూశారూ, దానికి ఈ 97 మంచి జవాబే. కీమోను ముందు పెట్టి మాత్రను దానికి తోడుగా చూసే అలవాటు ఉన్నవాళ్లకు ఈ వరస మింగుడు పడదు.

ఇక నా మెలిక. కత్తికి ముందు ఇచ్చిన మందు విలువను స్లైడులో మిగిలిన శాతంతో తూచడం ఇమ్యునోథెరపీతో బలపడిన అలవాటు. అక్కడ అది నప్పింది. చెక్‌మేట్ 816 ట్రయల్‌లో కీమోకు నివోలుమాబ్ జోడిస్తే సంపూర్ణ స్పందన 2.2 శాతం నుంచి 24 శాతానికి పెరిగింది, తిరగబెట్టకుండా గడిచిన కాలం 20.8 నెలల నుంచి 31.6కు వెళ్లింది. ఆ మందు మన తెల్లకణాలను గడ్డ మీదికి ఉసిగొల్పుతుంది, అవి లోపలికి దిగి చంపుతాయి. చచ్చినవి లెక్కపెట్టడంలో అర్థముంది. ఈజీఎఫ్ఆర్ మాత్ర పని చంపడం కొంత, నిద్రపుచ్చడం కొంత. నిద్రపోయే కణం నా లెక్కలో బతికున్న కణమే. కాబట్టి 25 శాతం అన్న అంకె మందుకు అన్యాయం చేస్తోందా, మరీ మర్యాద చేస్తోందా అన్నది స్లైడు చూసి చెప్పలేను. బహుశా వైద్యసభల్లో పాథాలజిస్టు తన కొలబద్ద గురించి ఇలా మాట్లాడటం వింతగా ఉంటుంది. కాని కొలబద్ద నాది కాబట్టే చెబుతున్నాను.

అందుకే ఈ ముక్క విలువ శాతంలో కంటే, మిగిలిన కణాలను బతికుండగా పట్టుకోగలగడంలో ఉందంటాను. నాలుగో దశ రోగిలో ఇది మామూలుగా దొరకదు; జబ్బు మళ్లీ ముదిరాక మాత్రమే ముక్క తీస్తాం, అప్పటికి కొత్త జన్యుమార్పులు చేరిపోయి ఉంటాయి. కత్తికి ముందు మాత్ర ఇచ్చినప్పుడు మాత్రమే, మందు ఒత్తిడిలో ఊపిరి బిగబట్టి ఉన్న కణాలు పిడికెడు మన చేతికి వస్తాయి. వాటిని ఏది బతికిస్తోందో తెలిస్తే రెండో మందు ఏదో తెలుస్తుంది. ప్రయోగశాల గిన్నెలో 2010లో చూసినదాన్ని మనిషి ఊపిరితిత్తిలో చూసే అవకాశం దాదాపు ఇదొక్కటే.

అయితే వీటన్నిటికీ ముందు జరగవలసిన పని ఒకటుంది. తొలిదశ రోగి ఆపరేషన్‌కు వచ్చినప్పుడు, ఏ మందూ మొదలుపెట్టకముందే జన్యుపరీక్ష చేయాలి. నాలుగో దశ వాళ్లకు చేయడం ఇప్పుడు అలవాటైంది. తొలిదశలో "ఎలాగూ తీసేస్తున్నాం కదా, తీశాక చూద్దాం" అనే ధోరణి ఇంకా పోలేదు. ఇప్పుడు ఇమ్యునోథెరపీ కూడా ఆపరేషన్‌కు ముందు వచ్చేసింది కాబట్టి ఆ ధోరణి ప్రమాదకరం. ఈజీఎఫ్ఆర్, ఏఎల్‌కే జన్యువుల్లో మార్పులు ఉన్నట్టు తెలిసినవాళ్లను చెక్‌మేట్ 816లో చేర్చుకోనేలేదు, ఆ మందు వాళ్లలో సరిగా పనిచేయదని తెలుసు కనుక. పైగా ముందు ఇమ్యునోథెరపీ ఇచ్చి, ఆ వెంటనే ఒసిమెర్టినిబ్ మొదలుపెడితే ఊపిరితిత్తుల్లో తీవ్రమైన వాపు వచ్చే ప్రమాదం పెరుగుతుందని 2019లో న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ వైద్యులు చూపారు. తప్పు మందు ముందు పడితే సరైన మందుకు దారి మూసుకుపోవచ్చన్న మాట.

మన దేశంలో ఇది పెద్ద లెక్కే. ఇక్కడ ఈ క్యాన్సర్ రోగుల్లో సుమారు నాలుగో వంతులో ఈజీఎఫ్ఆర్ మార్పు ఉంటుంది. తూర్పు ఆసియా అంత కాదు, పాశ్చాత్య దేశాలకంటే ఎక్కువ. "మా ఇంట్లో ఎవరికీ చుట్ట గాని బీడీ గాని అలవాటు లేదండీ, ఇది ఎలా వచ్చింది" అని అడిగే ఆడవాళ్లు మా అవుట్ పేషెంట్ వరండాలో రోజూ కనిపిస్తారు. వాళ్లలో ఎక్కువమంది తొలిదశలో రారు. ఎక్స్‌రేలో నీడ కనిపిస్తే మన ప్రాంతంలో మొదట తలపుకు వచ్చేది క్షయ. కళ్లె పరీక్షలో ఏమీ లేకపోయినా ఆరు నెలలు క్షయ మాత్రలు మింగి, తగ్గక, అప్పుడు వస్తారు. క్షయ ఎక్కువున్న దేశంలో ఆ అనుమానం సహజమే. కాని ఆ ఆరు నెలల్లో రెండో దశ నాలుగో దశ అయిపోవచ్చు. ఆపరేషన్‌కు ముందు ఏ మాత్ర ఇవ్వాలన్న చర్చ అంతా ఆ ఆరు నెలలు పోగొట్టుకోనివాళ్ల కోసమే.

రెండో అడ్డంకి నా గదిలోనే ఉంది. సూదితో తీసిన ముక్క అగ్గిపుల్ల తలంత ఉండదు. దాన్ని ఇది క్షయా క్యాన్సరా, క్యాన్సరైతే ఏ రకం అని తేల్చడానికి ఒకదాని తర్వాత ఒకటి రంగులద్ది కోసుకుంటూ పోతే జన్యుపరీక్షకు మైనం తప్ప ఏమీ మిగలదు. ఫార్మలిన్‌లో రోజుల తరబడి వదిలేసిన ముక్కలో డీఎన్‌ఏ తునాతునకలవుతుంది. శనివారం సాయంత్రం వేసి మంగళవారం తీసిన ముక్కలు ఎన్ని వస్తాయో ఇక్కడున్న టెక్నీషియన్లను అడగండి. అందుకే మా యువ వైద్యులకు చెబుతూ ఉంటాను: అవసరమైన రెండు రంగులు చాలు, మిగతాది బ్లాకులో దాచండి. రిక్విజిషన్ కాగితం మీద "జన్యుపరీక్ష కావాలి" అని ముందే రాయమని సర్జన్లను కూడా కోరుతున్నాను.

ఖర్చు సంగతి ఎత్తకపోతే అబద్ధమాడినట్టవుతుంది. గెఫిటినిబ్, ఎర్లోటినిబ్ హైదరాబాద్ కంపెనీల జెనరిక్ మాత్రలుగా మధ్యతరగతికి అందుబాటులోకి వచ్చాయి. నాలుగో దశలో గెఫిటినిబ్‌కు పెమెట్రెక్సెడ్, కార్బోప్లాటిన్ జోడిస్తే జబ్బు ముదరని కాలం 8 నెలల నుంచి 16కు పెరుగుతుందని 2020లో చూపింది ముంబయి టాటా మెమోరియల్ వైద్యులు, 350 మంది మన దేశపు రోగుల మీదే. చవక మందును తెలివిగా వాడటంలో మనం ఎవరికీ తీసిపోం. ఒసిమెర్టినిబ్ సంగతి వేరు. అది ఇంకా పేటెంట్ నీడలోనే ఉంది. 2024 జులై బడ్జెట్‌లో దానిమీద దిగుమతి సుంకం పూర్తిగా ఎత్తేశారు. మంచిదే, కాని మూడేళ్ల పాటు నెలనెలా కొనవలసిన కుటుంబానికి అది పెద్ద ఊరట కాదు. ఆపరేషన్‌కు ముందు తొమ్మిది వారాలు మాత్ర ఇచ్చి, తర్వాత మూడేళ్లు కొనలేక ఆపేస్తే ఏమవుతుందో ఏ ట్రయలూ పరీక్షించలేదు. తుంగ సంగతి చెప్పాను కాబట్టి నాకు మాత్రం భయమే.

సరే, రేపు ట్యూమర్ బోర్డులో ఒక రోగిని పెడతారు. అడినోకార్సినోమా, 19వ ఎక్సాన్ మార్పు, ఆపరేషన్‌కు వీలుంది. ఏం చేయాలి అని మీలో ఎవరైనా అడిగితే నా ఓటు ఇలా ఉంటుంది. రెండో దశలో ఉండి, గడ్డ ఒకే పక్క, గ్రంథులు దగ్గరివే అయితే, ఆపరేషన్ చేసి తర్వాత మూడేళ్లు మాత్ర ఇవ్వడానికే నేను మొగ్గుతాను. ఆ దారికి అయిదేళ్ల బతుకు లెక్క ఉంది. ఛాతీ నడిమి గ్రంథులకు పాకి, ఆపరేషన్ అయితే అవుతుంది గాని కష్టం అన్న పరిస్థితిలో మాత్రను ముందు పెట్టడానికి ఒప్పుకుంటాను, 53 శాతం ఆ సాహసానికి సరిపోతుంది. కీమో జోడించాలా అన్నది రోగి వయసు, మూత్రపిండాలు చూసి తేల్చాలి. స్లైడు దాన్ని అడగడం లేదు.

ఈ ఓటు మార్చుకోవడానికి నేను సిద్ధం. నియోఅడారాలో ఏడాది నాటికి జబ్బు ముదరకుండా, తిరగబెట్టకుండా ఉన్నవాళ్లు మాత్ర ఉన్న గుంపుల్లో 93, 95 శాతం, కీమో గుంపులో 83. ఇది తొలి లెక్క. చాలామంది రోగులకు ఏమీ జరగని కాలంలో తీసినది. ఆపరేషన్ తర్వాత మూడు గుంపులకూ ఒసిమెర్టినిబ్ అందుతోంది కాబట్టి, ముందే ఇచ్చినందువల్ల కలిగిన లాభం ఏదైనా మిగిలితే అది మూడో, నాలుగో ఏటి లెక్కల్లో, ముఖ్యంగా మాత్రలు ఆపిన తర్వాతి ఏడాదిలో కనపడాలి. గ్రాఫులో ఆ గుంపుల గీతలు అప్పుడు కూడా ఎడంగానే ఉంటే రెండో దశ వాళ్లకు కూడా మాత్రే ముందు అంటాను. కలిసిపోతే, తొమ్మిది వారాలు ఆగమని ఇంటివాళ్లను ఒప్పించే పని మనకు తప్పుతుంది.